సాయ్‌బిణ్ రాత్రికి మూడింతల అద్దె

ఆ సోమవారం పొద్దున ఎస్పెరాన్సా తలపెట్టిన పని ఒక్కటే. వచ్చే శనివారం తన ఇంటిని తనకే అట్టిపెట్టుకోవాలి.

ఎవరింటిని వాళ్ళు అట్టిపెట్టుకోవడమేమిటని నవ్వకండి. గోవాలో సాల్సెట్ తాలూకాలోని ఆ వాడలో అంత కళగల ఇల్లు ఇంకోటి లేదు. ముందు పొడవాటి అరుగులు, లోపల నిచ్చెన వేసుకుని ఎక్కాల్సినంత ఎత్తు మంచాలు. అది ఆమె పుట్టిన ఇల్లు. పాతికేళ్ళు ఓడల్లో వంట చేసి తిరిగొచ్చిన మొగుడు బొస్త్యాంవ్, కూలబోతున్న పైకప్పును చూసి, ముందుభాగమంతా సెలవులకొచ్చే వాళ్ళకు రోజువారీ అద్దెకు పెట్టాడు. మూడేళ్ళలో కప్పు నిలబడింది. ఇంటివాళ్ళు మాత్రం వెనక వంటసాలలోకి జారారు. ఇప్పుడు ఎస్పెరాన్సా ముందుగదిలో అడుగుపెట్టేది చీపురుతో, బయటికొచ్చేది మాసిన దుప్పట్లతో.

దానికీ ఆమె అలవాటు పడింది. అలవాటు పడలేనిది సాయ్‌బిణ్ విషయంలోనే. ఏటా డిసెంబరులో సాయ్‌బిణ్, అంటే మరియమాత విగ్రహం, వాడలో ఇంటింటికీ వస్తుంది. ఇంటికొక్క రాత్రి బస. సాయంత్రం అందరూ కొవ్వొత్తులు పట్టుకుని తీసుకొచ్చి, జపమాల చెప్పి, పాటలు పాడి, ఉడికించిన సెనగలు తిని, పెద్దవాళ్ళయితే ఒక గుక్క ఫెనీ సారా పుచ్చుకుని వెళతారు. మూడేళ్ళుగా సాయ్‌బిణ్ ఎస్పెరాన్సా గేటు ముందునుంచే పక్కింటికి వెళ్ళిపోతోంది. లోపల ఎవరో పరాయివాళ్ళుంటారు మరి. ఊరేగింపులో నడిచే ఎస్పెరాన్సా తన గేటు దగ్గరకు రాగానే తల తిప్పుకునేది. వాళ్ళమ్మ బల్ల వేసి తెల్లగుడ్డ పరిచిన మూలలో ఇప్పుడు అతిథుల పెట్టెలు పెడుతున్నారు. ఈసారి ఆమె వంతు శనివారం పడింది. ఆ మూలలో ఒక్క రాత్రి దీపం చూసుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

"శనివారం ఇల్లు ఇవ్వట్లేదని పెట్టెయ్," అంది మొగుడితో.

బొస్త్యాంవ్ ఫోనులోంచి తలెత్తాడు. అద్దె ఇళ్ళతో ఆదాయం పెంచుకోవడం ఎలాగో నేర్పే పాఠాలు పదకొండు చూశాడతను. పన్నెండోది నడుస్తోంది.

"డిసెంబరు శనివారం మూసేస్తే ఆ వెబ్‌సైటు వాళ్ళు మన ఇంటిని అట్టడుక్కి తోసేస్తారే! ఖాళీగా పోయిన రాత్రంటే సాయంత్రానికి మిగిలిపోయిన చేప. తెలిసినవాళ్ళు మూయరు, ధర పెంచుతారు. మూడింతలు పెట్టానంటే ఏ పిచ్చాడూ దగ్గరికి రాడు. ఇల్లు తెరిచి ఉన్నట్టూ ఉంటుంది, నీకు దక్కినట్టూ ఉంటుంది."

"నిజంగా ఎవరూ రారుగా?"

"ఆ ధరకి నేనే రాను."

ఎస్పెరాన్సా నమ్మింది. అతను ధర మార్చాడు. ఆమె సెనగలు కొనడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇల్లు బుక్కయిపోయింది. పుణె నుంచి తనూజా దేవ్‌ధర్ అట. "చుట్టుపక్కల అన్ని ఇళ్ళలోకీ ఆ ఒక్క రోజు మీ ఇంటి ధరే ఇంత ఎక్కువుంది. ఏదో ప్రత్యేకత ఉండే ఉంటుంది!" అని ఒక సందేశం కూడా పెట్టింది.

"రద్దు చెయ్," అంది ఎస్పెరాన్సా.

"మనం రద్దు చేస్తే జరిమానా. వాళ్ళంతట వాళ్ళు మానుకుంటే మనకేం లేదు. మానుకునేలా రాద్దాం."

ఇద్దరూ కూర్చుని ఉత్తరం కూర్చారు. ఆ రాత్రి నలభైమంది ఆడవాళ్ళు ఇంట్లోకొచ్చి తొమ్మిదింటిదాకా పాడతారనీ, అందులో సగం మందికి శ్రుతి లేదనీ రాశారు. "ఎంత బాగుందో! మేమూ కూర్చోవచ్చా?" అని జవాబొచ్చింది. కప్పులో గబ్బిలాలున్నాయని రాశారు. తన భర్తకు గబ్బిలాలంటే ఇష్టమట. తెల్లారకముందే రొట్టెలవాడు సైకిలు హారను మోగిస్తూ వస్తాడని, పక్కింటి పందులు కంచె దూరి వస్తాయని రాశారు. దానికి తనూజ ఉప్పొంగిపోయి, "ఇలాంటి చోటుకే మా అత్తగారిని తీసుకెళ్ళాలనుకుంటున్నాం. ఆవిడనూ తీసుకొస్తాం," అంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అది చాలదన్నట్టు, మూడింతల అద్దె వస్తోందన్న సంతోషం పట్టలేని బొస్త్యాంవ్ పెళ్ళానికి చెప్పకుండా ఇంటి వివరాల కింద ఇంకో వాక్యం చేర్చాడు. 'ఈ శనివారం స్త్రీల సంప్రదాయ గానం, సెనగల విందు. అతిథులకు ఉచితం.'

బుధవారం నాటికి ఆ వాక్యం పియెదాద్ కోడలి ఫోనులో కనిపించింది. సాయ్‌బిణ్ ఏ రాత్రి ఎవరింట్లో ఉండాలో రాసే పుస్తకం పియెదాద్ దగ్గరుంటుంది. డెబ్భై ఏళ్ళ మనిషి, వాడంతటికీ మావ్‌షీ, అంటే పిన్ని. ఆవిడ గేటు బయటే నిలబడి కేకేసింది.

"ఏమే ఎస్పెరాన్సా! సాయ్‌బిణ్‌కి టిక్కెట్టు పెట్టారటగా?"

"టిక్కెట్టేంటి పియెదాద్ మావ్‌షీ?"

"మామూలు శనివారానికో ధర, సాయ్‌బిణ్ వచ్చే శనివారానికి మూడింతలూనా! మేం గొంతు చించుకుని పాడితే నీ మొగుడు విందు కింద అమ్ముకుంటాడా? మీ అమ్మ ఉన్న పిడికెడు సెనగలు కూడా ఊరికే పంచేది. ఆవిడ కడుపున పుట్టావా నువ్వు?"

"అది ఎవరూ రాకూడదని పెట్టిన ధర మావ్‌షీ!"

"ఎవరూ రాకూడదని ధర పెంచేవాళ్ళని ఈ గోవాలో ఎక్కడైనా చూశావా?"

జరిగింది నిజం. కానీ నమ్మేటట్టు లేదు. పియెదాద్ అక్కడే పుస్తకం తెరిచి ఎస్పెరాన్సా పేరు కొట్టేసింది. శుక్రవారం తన ఇంటికొచ్చే సాయ్‌బిణ్‌ను శనివారం కూడా తనింట్లోనే ఉంచుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది.

ఎస్పెరాన్సా ఏడవలేదు. శనివారానికని కొన్న సెనగలను తీసి కోళ్ళకు వేసింది. మూడేళ్ళుగా అతిథులే అడ్డం అనుకుని ఓర్చుకుంది. ఇప్పుడు తన పేరే లేదు. బొస్త్యాంవ్ వచ్చి ఏదో చెప్పబోయాడు గానీ, ఆమె ముఖం చూసి ఫోను చొక్కాజేబులో పెట్టేసుకున్నాడు. ఆ తరువాత పన్నెండో పాఠం జోలికి పోలేదు.

శనివారం మధ్యాహ్నం దేవ్‌ధర్‌లు దిగారు. అత్తగారు వత్సలాబాయి. తొమ్మిది గజాల చీర, చేతిలో కర్ర. ఆవిడ గదులేవీ చూడలేదు. తిన్నగా ముందుగది మూలకు వెళ్ళి నిలబడింది.

"ఇక్కడేగా అమ్మవారిని పెట్టేది? ఖాళీగా ఉందేమమ్మాయీ?"

"ఈ ఏడు రాదండి," అంది ఎస్పెరాన్సా తువ్వాళ్ళు సర్దుతూ.

"ఎందుకు రాదు?"

ఎస్పెరాన్సా చెప్పకూడదనుకుంది. కానీ ఆ మూల గురించి అడిగిన మొదటి అతిథి ఆవిడే. మొత్తం చెప్పేసింది. అమ్మ పరిచే గుడ్డ గురించి, మూడేళ్ళు తల తిప్పుకోవడం గురించి, బెడిసికొట్టిన ఆ ధర గురించి చెప్పింది. చెప్తూ చెప్తూ తువ్వాలుతోనే ముఖం తుడుచుకుంది. వత్సలాబాయి విని, కర్ర టకటకలాడిస్తూ బయలుదేరింది. వెనకాలే తనూజ, ఆమె వెనకాల దారి చూపిస్తూ బొస్త్యాంవ్.

పియెదాద్ అరుగుమీదే ఉంది.

"టిక్కెట్టు అంటున్నారట. కొన్నది నేను," అంది వత్సలాబాయి. "మోసమైతే అరవాల్సింది నేను. నేనేమైనా అరిచానా?"

"మీరు అతిథులు. ఇది వాడ సంగతి," అంది పియెదాద్.

"ఈ రాత్రికి ఆ ఇల్లు నాది. రసీదుంది. మా పుణెలో ఏటా గౌరి ఇంటికొస్తుంది. పుట్టింటికొచ్చే ఆడపడుచని పిలిచి పీట వేస్తాం. గేటుదాకా వచ్చిన తల్లిని ముందుకు పంపించడం మా వంశంలో లేదు. ఆ ఇంటామె పిలుస్తోందనుకోకండి. నేను పిలుస్తున్నాను, నా ఇంటికి రావడానికి మీకేం అడ్డు?"

పియెదాద్ పుస్తకం ఒళ్ళోకి తీసుకుంది. వాడలో ఎవరు తలుపు తట్టి సాయ్‌బిణ్‌ని పిలిచినా కాదనే ఆచారం లేదు. "సరే. కానీ పిలిచినవాళ్ళే గుమ్మంలో నిలబడి అందుకోవాలి," అంది బింకంగా.

చీకటి పడుతుండగా పాట వినిపించింది. ఎస్పెరాన్సా వెనక వంటసాలలో గ్లాసులు తోముతోంది. తన ఇంటికి సాయ్‌బిణ్ వస్తోంది, తను పనిమనిషిలా వెనకుంది. అదైనా దక్కిందిలే అని గట్టిగా తోమింది. అంతలో వత్సలాబాయి వచ్చి ఆమె రెక్క పట్టుకుంది.

"చేతులు తుడుచుకో. రా."

"మీరు కదండీ అందుకోవాలి..."

"నా మోకాళ్ళు అంత బరువు మోయవు. ఇల్లు నాదేగా? నా తరఫున అందుకోమని నేను చెప్తున్నాను."

ఎస్పెరాన్సా మూడేళ్ళ తరువాత ఉత్త చేతులతో ముందు గుమ్మంలో నిలబడింది. పియెదాద్ విగ్రహంతో మెట్లెక్కి, ఎదురుగా ఎవరున్నారో చూసి ఆగింది. పాట కూడా ఆగింది. ఎస్పెరాన్సా చేతులు చాపింది గానీ, ఇంటివాళ్ళు ఎత్తుకోవాల్సిన మొదటి చరణం ఆమె నోట రాలేదు. పియెదాద్ ఒక్క క్షణం చూసి, విగ్రహాన్ని ఆమె చేతుల్లో పెట్టి, ఆ చరణం తనే ఎత్తుకుంది. సగం శ్రుతి తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఉడికించిన సెనగలు పియెదాద్ ఇంటినుంచే వచ్చాయి. వత్సలాబాయి రెండు దోసిళ్ళు తింది. ఆ తరువాత అసలు చిక్కొచ్చింది. ఎత్తు మంచం ఆవిడ ఎక్కలేదు. వంటసాలలో ఎస్పెరాన్సా పరుపు నేలమీద వెచ్చగా ఉందని అక్కడే నడుం వాల్చింది. దీపం ఆరకుండా ఇంటివాళ్ళలో ఒకరు సాయ్‌బిణ్ దగ్గర పడుకోవాలి కాబట్టి ఎస్పెరాన్సా ముందుగదిలో చాప వేసుకుంది.

"మూడింతలు కట్టినావిడ వంటసాలలోనా? రేపు ఇంటి గురించి ఏం రాస్తారో ఏమో!" అని బొస్త్యాంవ్ తల పట్టుకున్నాడు.

మంగళవారం తనూజ వెబ్‌సైటులో రాయనే రాసింది. బొస్త్యాంవ్ అద్దాలు సవరించుకుని పైకి చదివాడు.

"ఇల్లు బాగుంది. ఆదివారం పొద్దున టిఫిను మాత్రం పదిన్నరకు వచ్చింది. యజమానురాలు ముందుగదిలో నిద్రపోతున్నారు. లేపుదామంటే మా అత్తగారు ఒప్పుకోలేదు."