తవిటమ్మ బేసిను

"ప్రపంచానికి వినయం నేర్పాలంటే ముందు ఒక బేసిను కావాలి!" అని వంటింటి గుమ్మంలో నిలబడి ప్రకటించాడు భాస్కర్.

"అదొక్కటీ అడక్కండి," అంది అనూరాధ.

అది ఆమె పెళ్ళికి తల్లి పెట్టిన పెద్ద స్టీలు బేసిను. అంచు మీద 'తవిటమ్మ' అని తల్లి పేరు కొట్టించి ఉంటుంది. తల్లి పోయాక అనూరాధకు మిగిలిన గుర్తు అదే. గారెల పిండయినా, చపాతీల పిండయినా అందులోనే కలుపుతుంది.

"పిండి కలిపేదాన్లో కాళ్ళేటండీ? ఎర్ర టబ్బు ఉన్నాది కదా!"

"టబ్బు వీడియోలో బాగోదే! ఏసుప్రభువు శిష్యుల కాళ్ళు బట్టలు నానబెట్టే టబ్బులో కడిగినాడేటి?"

"స్టీలు బేసినులోనూ కడగలేదు."

"ఒసే, పాదాలు కడిగిన పాత్ర పవిత్రమైపోద్ది! అది కూడా నేనే సెప్పాలా?"

"ఆమెన్," అంది మంచం మీంచి అత్తగారు జగ్గమ్మ. బేసిను ఆవిడది కాదు.

భాస్కర్ గరివిడిలో ప్రైవేటు స్కూలు మాస్టరు. జాంబియా బడుల్లో పిల్లలకు బైబిలు విలువలు బోధించడానికి సంఘం ఒకరిని పంపుతోంది. ఎవరిని పంపాలన్నది సంఘపెద్ద ఎల్లాజీ గారి నోటిమాట. ముందుగా ఒక నమూనా పాఠం వీడియో తీసి చూపాలి. భాస్కర్ వినయాన్ని ఎంచుకున్నాడు. గురువే వంగి శిష్యుడి కాళ్ళు కడగాలి.

అభ్యాసానికి కాళ్ళు కావాలి కదా! భార్యవి కడిగితే వీధిలో తలెత్తుకోలేడు. తల్లివి కడుగుదామంటే, "నా కాలి పగుళ్ళు ఊరందరికీ సూపిస్తావేట్రా!" అని ఆవిడ దుప్పటి కప్పుకుంది. చేపలమ్మే తాతమ్మ గంప దించి, "నావి కడుగు బాబూ, పుణ్యముంటాది," అంది. అతను ముక్కు మూసుకుని, "ముందు కుళాయి దగ్గర కడుక్కుని రా, తరవాత కడుగుతాను," అన్నాడు. చివరికి ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు కడిగాడు. కుర్చీకి నాలుగు కాళ్ళు గనక అభ్యాసం రెట్టింపయింది.

అసలు వీడియోకి తగిన పాదాలు ఆదివారం ఆరాధన ముగిశాక భాస్కర్ ఇంటి ముందు కారు దిగాయి. అవి ఎల్లాజీ గారివి! మేజోళ్ళు విప్పితే మట్టి ముఖం ఎరగని పాదాలు. కడగడానికి వాటిమీద ఏమీ లేదు. అయినా భాస్కర్ ఆ స్టీలు బేసినులోనే పెట్టించి కడిగాడు. వేలు వేలునా కడిగాడు. అనూరాధ నీళ్ళు కాచింది, మోసింది, తువ్వాలు భుజాన వేసుకుని ఫోను పట్టుకుని వీడియో తీసింది.

"ఎవరి పాదాలైనా నాకు ఒక్కటే," అన్నాడు భాస్కర్ గద్గదంగా, ఫోను వైపు చూసి.

ఎల్లాజీ గారి కళ్ళు చెమర్చాయి. బేసిను అంచు మీద పేరు పైకే చదివారు. "తవిటమ్మ! ధన్యురాలు. ఈ పాత్రని గౌరవంగా చూసుకోమ్మా."

"అలాగేనండి," అంది అనూరాధ.

పెరట్లోకి తీసుకెళ్ళి చింతపండుతో తోమి, సలసలా మరిగే నీళ్ళు పోసి కడిగి, ఎండలో బోర్లించింది. ఆరగానే దాని మామూలు పనికే పెట్టింది. గౌరవంగా చూసుకోమన్నారు కదా! ఆ ఇంట్లో ఆ బేసినుకు అంతకన్నా గౌరవమైన పని ఇంకొకటి లేదు.

భోజనాలకు గారెలు, కోడికూర. ఎల్లాజీ గారు గారె వెనక గారె తింటూ తమ నిర్ణయం ప్రకటించారు. "జాంబియాకి భాస్కరే! పిల్లలకి వినయమంటే ఏటో ఇతనే నేర్పగలడు. అన్నట్టు, గారెలు ఎంత మెత్తగా ఉన్నాయమ్మా!"

"వేడివి వేస్తానుండండి," అని అనూరాధ రెండో వాయి తెచ్చింది, బేసినుతోనే.

ఎల్లాజీ గారి కళ్ళు అంచు దగ్గర ఆగిపోయాయి. దవడ కూడా ఆగిపోయింది.

"ఇది... ఇందాకటిదేనా?"

"అదేనండి. పిండీ దీన్లోనే కలిపాను. పవిత్రమైపోద్దని ఈయనా, గౌరవంగా చూసుకోమని మీరూ అన్నారు కదండీ."

పెద్దాయన తన పాదాల వైపు చూసుకున్నారు. తరవాత విస్తరి వైపు చూశారు. ఆనక భాస్కర్ వైపు తిరిగారు. "నువ్వు తిను బాబూ. నువ్వే కదా కడిగేవు."

జాంబియా అంతా ఆ గారె మీదే ఆధారపడి ఉంది. భాస్కర్ గారె తీసుకున్నాడు. నోటిదాకా తెచ్చాడు. చెయ్యి అక్కడే ఆగింది. మెల్లిగా దించి, కళ్ళు మూసుకుని ప్రకటించాడు.

"జాంబియా పిల్లల కోసం ఈ పూట నుంచే నాకు ఉపవాస ప్రార్థన!"

అప్పటికే అతని బుగ్గలో ముందటి వాయి గారె సగం ఉంది.

"నాకూ," అన్నారు ఎల్లాజీ గారు వెంటనే, విస్తరి మడిచేస్తూ.

"ఆమెన్," అని జగ్గమ్మ చెయ్యి చాపింది. "ఒసే అనూ, ఆళ్ళవి కూడా ఇటెయ్యి."

అనూరాధ అత్తగారికి రెండు వేసి, తనూ ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయింది.