నీలి అల్లికబట్టపై అర మార్కు మహాసంగ్రామం

సూర్యభగవానుడు ఆరు దినములుగా సెలవు పెట్టి మబ్బుల చాటున ముసుగుతన్ని పడుకొన్న నవంబరు మాసాన, స్వీడన్ దేశపు వస్త్రరాజధానియైన బోరాస్ నగరాన, పది గంటల కాఫీ విరామం ముగిసిన ఘడియలో, బట్టల పరీక్షాశాలయందు రణభేరి మోగింది.

యోధురాలు ఇల్వా, పెళ్లై పంతొమ్మిది దినములు. ఆమె ఆయుధం, ఉతికిన బట్టపై లేచే నూలు ఉండలను లెక్కించి, అవి ఎంత తక్కువైతే ఐదుకు అన్ని ఎక్కువ మార్కులని తీర్పు చెప్పే ఏకాక్షి, నిర్నిద్ర, నిష్పక్షపాతియైన కెమెరా. ఎదుట, ముప్పైయొక్క వత్సరాలుగా అదే తీర్పును కంటితో చెబుతున్న బూడిదరంగు కోటు కవచధారిణి, గున్వోర్. ఈ చివరి బట్టపై కంటికీ కెమెరాకూ అర మార్కు మించి తేడా వచ్చెనా, ఇల్వా రెండేళ్ల తపఃఫలం అటకెక్కుతుంది.

ఐదు ఉతుకుల జలగండాలు దాటివచ్చిన ముదురునీలి అల్లికబట్ట దీపాల కింద పరుచుకొంది.

"నాలుగు," అంది గున్వోర్, దూరం నుంచే చూసి.

మూడు, అంది కెమెరా తెర.

అష్టదిక్కులు కంపించాయి. పోనీ, ఇల్వా తట్టిన తెర కంపించింది.

"మీ ఒంటికన్నాయనకి జలుబు చేసిందేమో అమ్మాయ్."

"మళ్లీ తీస్తానుండండి, గున్వోర్ గారూ."

మళ్లీ మూడే. తెరపై పెద్దది చేసి చూడగా, శ్వేతవర్ణులై, దృఢకాయులై, తళతళలాడుతున్న తొమ్మండుగురు ఉండాసురులు.

"ఆ మెరిసేవాటిని నేను లెక్కలోకే తీసుకోలేదు. నూలెక్కడైనా మెరుస్తుందా?" గున్వోర్ పట్టకారుతో ఒకదాన్ని తీసి నాలుకమీద వేసుకొంది. "పొద్దున ఏం తిన్నావు?"

"బన్ను. మా ఫోల్కె చేశాడు. పైన చక్కెర పలుకులు చల్లాడు."

"ఎక్కడ తిన్నావు?"

"ఇక్కడే. బట్టమీదకి వంగి."

"బాగా చేశాడు. యాలకులు కూడా తెలుస్తున్నాయి."

శత్రుసేనను స్వహస్తాలతో, అదీ ప్రాణనాథుని వంటతో, రణరంగంలో దింపుకొన్న ఆ వీరాంగన చెవులదాకా ఎర్రబడి, పట్టకారు ధరించి, మిగిలిన ఎనమండుగురిని ఏరివేసి, మీట నొక్కింది.

మూడున్నర.

"సరే, ఉండనీ దాన్ని," అంది గున్వోర్. "చూడ్డం దాని పని, రుచి చూడ్డం నా పని. ఇంతకీ ఇంకా ఉందా?"

ఆ విధంగా చక్కెరసేన నిర్మూలింపబడగా, అర మార్కు సామ్రాజ్యం కైవసం కాగా, కెమెరా అటకగండం తప్పించుకోగా, దిగ్విజయిని ఇల్వా మిగిలిన సగం బన్నును ఓడిన పక్షానికి కప్పంగా చెల్లించింది.