కాచి తాగించిన టీకా

"పశువుకు ఓటు లేకపోయినా నోరుంది. ఆ నోటికే మందు అందిస్తాం!" అని పశుసంవర్ధక మంత్రి గోకులకృష్ణన్ మదురైలో ప్రకటించగానే, ఇంత దూరదృష్టి ఒక్క మనిషిలో ఎలా పట్టిందా అని జనం ముక్కున వేలేసుకున్నారు. గాలికుంటుకు ఇక సూది లేదు, తాగించడమే. తొలి విడత దిండిగల్ పక్కన తాయమ్మాళ్ ఊరికి, పన్నెండు ఆవులకు.

తాయమ్మాళ్ సంతోషం ఇంతా అంతా కాదు. పోయినేడు ఆ జబ్బుకే ఒక ఆవు పోయింది. మిగిలిన ఒక్క ఆవు పుల్లి పాలమీదే మనవరాలు గోపిక నర్సింగ్ చదువు నడుస్తోంది. పుల్లికి ఏమన్నా అయితే ఆ పిల్ల పుస్తకాలు మూసి మిల్లుకు పోవాల్సిందే.

పాల సొసైటీ ముందు పందిరి వేశారు. పశువైద్యురాలు మధుమిత ఐసు పెట్టెలోంచి సీసా తీసింది. మంత్రిగారి పి.ఎ. శరత్‌కుమార్, ఆ ఊరి అల్లుడే, దాన్ని దూరం నుంచే పరీక్షించాడు.

"ఇందులో ఏముండాది డాక్టరమ్మా?"

"బాక్టీరియా సార్. బలం తీసేసినవి. కడుపులోకి పోయి వైరస్ ఆనవాలు ఒంటికి చూపిస్తాయి. ఒళ్లు ముందే తయారవుతుంది."

"ఉసురుతో ఉండాయా?"

"ఉంటేనే పనిచేస్తాయి."

"అయ్యయ్యో! మంత్రి చేతికి ఉసురుండే క్రిమినా? కాచండి!"

స్వామిభక్తి అంటే అది. మధుమిత వాదించింది. బదిలీ అన్న మాట వినపడగానే సీసాను గిన్నెలోకి వంపేసింది. టీ కొట్టు పొయ్యిమీద మందు కుతకుతా ఉడికింది.

"కాగే పాలల్లో తోడేస్తే తోడుకుంటాదా అల్లుడా? తోడు సచ్చిపోదూ?" అంది తాయమ్మాళ్.

"అత్తా, ఇది సైన్సు. మజ్జిగ కాదు."

మంత్రిగారు వెదురు గొట్టంతో, ఊది ఊది చల్లార్చి, ఆవులన్నిటికీ స్వహస్తాలతో తాగించారు. వరసలో చివరిది పుల్లి; దాని వంతు వచ్చేదాకా గిన్నె పొయ్యిమీదే కాగింది. తాయమ్మాళ్‌కు ఒళ్లు మండింది. పెరుగు ముంతను కడిగి పారబోసే అలవాటు ఆ ఇళ్లల్లో ఎవరికీ లేదు. అడుగున అంటుకున్నదే రేపటికి తోడు. అందరూ బిర్యానీ పొట్లాల మీద పడగానే ఆమె ఖాళీ సీసా అందుకుంది. చన్నీళ్లు పోసి గిలకరించి పుల్లి కుడితిలో కలిపేసింది.

నెల తిరక్కుండానే గాలికుంటు వచ్చింది. పదకొండు ఆవులు చొంగ కారుస్తూ కుంటసాగాయి. పుల్లి మాత్రం కడుపారా మేస్తూ, దారిన పోయేవాళ్లని కుమ్ముతూ తిరిగింది.

మంత్రిగారు పరుగున వచ్చి పుల్లి పక్కన నిలబడ్డారు. "పథకం నూటికి నూరుపాళ్లు గెలిచింది! తక్కిన పదకొండూ సహకరించలేదు."

"అయ్యా, నేను ఆ సీసా కడిగి దీనికి తాపిస్తిని. దాంట్లో ఉసురుండే మందు..."

శరత్‌కుమార్ గబగబా ఆమె భుజాల మీద శాలువా కప్పి, కెమెరా వైపు తిప్పాడు. "ఇది చివర్న తాగిందయ్యా. అందరికన్నా ఎక్కువసేపు కాగిన మందు దీనిదే!"

మంత్రిగారు తలపంకించారు. మర్నాడే అన్ని జిల్లాలకూ ఉత్తర్వు వెళ్లింది. మందును గంటసేపు కాచాలి. ఖాళీ సీసాలను, ప్రజారోగ్యం దృష్ట్యా, అక్కడికక్కడే పగలగొట్టాలి.