బట్టతల బావ గెంతుట

ఆ ఉదయం బొమ్మలబ్బాయి పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, బావ పరుపుల కొట్టుకి తాను తయారుచేసిన వెబ్‌సైటు విడుదల చెయ్యాలి, మధ్యాహ్నం దాకా పొగడ్తలు వినాలి. ముప్పై దాటినా ఇంట్లో అతను బొమ్మలబ్బాయే. కదిలే బొమ్మలు వెయ్యడం తప్ప వేరే పని రాదు. అదీ బాగా వచ్చని అతనొక్కడే అంటాడు.

అక్క మొగుడు పెట్టిన షరతు మాత్రం చిన్నది కాదు.

"చూడు బామ్మర్దీ, నీ సైటు చూసి జనం వచ్చారా, నీ బొమ్మలు నువ్వేసుకో. రాలేదా, కొట్లో కౌంటర్ దగ్గర కూర్చో."

కౌంటర్ అన్న మాట వింటేనే అతనికి జ్వరం వస్తుంది. అందుకే ప్రాణం పెట్టి చేశాడు. సైటులో దిళ్లు పల్టీలు కొడతాయి. "పరుపులు" అన్న మాట కూడా అక్షరం వెంట అక్షరం దూకుతూ వస్తుంది. సాక్షాత్తూ బావే పరుపు మీద గెంతుతాడు.

సైటు విడుదలై వారమైనా కొట్టు ఈగలు తోలుకుంటూనే ఉంది. అక్క ఫోన్లో "పరుపులు" అని వెతికితే ఊళ్లో కొట్లన్నీ వచ్చాయి గానీ మొగుడి కొట్టు రాలేదు.

"సెర్చ్ ఇంజిన్‌కి బొమ్మలు కనబడవక్కా. అక్షరాలే చదువుతుంది," అన్నాడు నీళ్లు నములుతూ.

"మరి అక్షరాలు రాయకపోయావా?"

"వాటిని కూడా బొమ్మలుగా వేసేశాను."

అక్క తల పట్టుకుంది. అతను కంగారుగా దారి వెతికాడు. పని చేసుకునేటప్పుడు ప్రతి బొమ్మకీ తన గుర్తు కోసం ఒక పేరు పెట్టుకున్నాడు. ఆ పేర్లన్నీ సెర్చ్ ఇంజిన్ చదివేలా ఒక్క నొక్కుతో సైటులో చేర్చేశాడు. ఒకసారి చదువుకుని ఉంటే బాగుండేది. అంత బుద్ధే ఉంటే బొమ్మలబ్బాయి ఎందుకవుతాడు?

రెండ్రోజులకి కొట్టుకి ఒక టోపీ ఆసామి వచ్చాడు.

"బట్టతలకి మందిచ్చేది ఇక్కడేనా అండీ? నెట్‌లో మొదట మీదే వచ్చింది."

బావ తెల్లబోయి తన తల నిమురుకున్నాడు. నున్నగా మెరిసే ఆ తలను ఆసామి కూడా చూశాడు.

"మీకే పని చేసినట్టు లేదే!" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి గుమ్మం ముందు టోపీల బారు. ఒక్కొక్కరే తొంగిచూడటం, బావ తల చూసి వెనక్కి తిరగడం. బావ నేరుగా ఇంటికొచ్చి పడ్డాడు.

"బట్టతలకీ నా కొట్టుకీ ఏమిట్రా సంబంధం?"

బొమ్మలబ్బాయి సైటు తెరిచాడు. వరసగా కనబడ్డాయి పేర్లు: బట్టతల బావ గెంతుట. బట్టతల మెరుపు ఒకటి. బట్టతల మెరుపు రెండు. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"తీసేస్తా బావా, ఇప్పుడే తీసేస్తా!"

"ఆగు, తియ్యకు. ఒకాయన నన్ను చూడకముందే పరుపు మీద కూలబడ్డాడు. మందు లేదన్నా లేవలేదు. ఆ పరుపే కొనుక్కుపోయాడు."

రొట్టె విరిగి నేతిలో పడిందనుకుని పొంగిపోయాడు బొమ్మలబ్బాయి.

"అయితే షరతు గెలిచాను! జనం వచ్చారుగా!"

"వచ్చారు. కానీ నా తల చూసి గుమ్మంలోంచే పోతున్నారు. ఎదురుగా ఒత్తు జుట్టున్నవాడు కూర్చుంటే లోపలికొస్తారు."

బావా అక్కా ఇద్దరూ కలిసి అతని ఉంగరాల జుట్టు వంక చూశారు.

సైటులో బొమ్మలన్నీ ఇప్పటికీ గెంతుతూనే ఉన్నాయి; కౌంటర్ దగ్గర కదలకుండా కూర్చున్నవాడు బొమ్మలబ్బాయి ఒక్కడే.