వెదురు గురువుగారి మూడు రోజుల వైభవం

మా ఆవిడ సుమియె ముప్పై ఏళ్లుగా వెదురు బుట్టలు అల్లుతోంది. నేను ముప్పై ఏళ్లు జపాన్‌లో ఇదే బెప్పు ఊళ్లో బస్సు నడిపాను. ఎక్కిన ప్రతివాడూ ముందు సీటుకి నుదురు కొట్టుకునేవాడు కాబట్టి నన్ను ‘బ్రేకుల తొకుజి’ అంటారు. రిటైరయ్యాక ఆవిడ కొట్లో కూర్చుని వ్యాపారానికి సలహాలివ్వడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు.

వేడినీటి స్నానాలకి విదేశాల నుంచి వచ్చేవాళ్లు మా కొట్లోకి తొంగిచూస్తారు. బుట్టని మెచ్చుకుంటారు. తర్వాత, జీన్సు ప్యాంటులో, రేడియోలో బేస్‌బాల్ ఆట వింటూ అల్లుతున్న మా ఆవిడని చూస్తారు. మొహాలు వాడిపోతాయి. “అసలైన స్థానిక హస్తకళ ఎక్కడ దొరుకుతుందండీ?” అని ఆవిడనే అడుగుతారు. “స్టేషన్ దగ్గర” అంటుంది ఆవిడ, తలెత్తకుండా. వాళ్లు పోయి ప్లాస్టిక్ రాక్షసుడి బొమ్మ వేలాడే కీచైన్ కొనుక్కుంటారు.

“వాళ్లకి కావాల్సింది బుట్ట కాదు, ముసలాడు” అన్నాను.

“ఇంట్లో ఒకరున్నారుగా. ఎవరూ బేరమాడటం లేదు మరి.”

“పోనీ నువ్వు కిమోనో కట్టుకో.”

“వెదురు చీల్చేటప్పుడు చేతులకి అడ్డం పడుతుంది. మీరే కట్టుకోండి, ఖాళీగానే ఉన్నారుగా.”

ఆ మాట ఆవిడే అంది. మీరే సాక్షులు.

ఆ వారమే ఆవిడ మూడు రోజుల ప్రదర్శనకని ఫుకుఓకా వెళ్లింది. రైలు కదలగానే మామగారి పాత నీలం కోటు తొడిగాను. తలకి తువ్వాలు చుట్టాను. తొమ్మిది కొత్త బుట్టల్ని టీ డికాక్షన్‌లో ముంచి వందేళ్ల వయసు తెప్పించాను. రేడియోని నీళ్ల తొట్టి వెనక దాచి, ఆవిడ సగం అల్లి వదిలేసిన బుట్టని ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

మధ్యాహ్నానికల్లా నాలుగు బుట్టలు పోయాయి. మధ్యలో నిజంగానే నిద్రపట్టింది. నా గురకని ధ్యానం అనుకుని ఇద్దరు చెప్పులు విప్పి ఎదురుగా కూర్చున్నారు.

రెండో రోజు తైవాన్ నుంచి చియు టీచరమ్మ వచ్చింది. రిటైరైన పంతులమ్మ, మా భాష బాగా వచ్చు. బుట్టని తలకిందులు చేసి చూసింది.

“గురువుగారూ, దీనికి ఎన్ని బద్దలు పడతాయి?”

నాకేం తెలుసు? “వెదురు ఎన్నంటే అన్ని” అన్నాను. పుస్తకంలో రాసుకుంది.

“వెదురు ఏ నెలలో కొడతారు?”

“అది పిలిచినప్పుడు.” అదీ రాసుకుంది.

“టీ వాసనొస్తోందేంటి?”

“మా వంశంలో బుట్ట పక్కన కూర్చునే టీ తాగుతాం. తరతరాలుగా.”

“ఆహా!” అంది. “రేపు మావాళ్లందర్నీ తీసుకొస్తాను. మీరు అల్లుతుంటే కళ్లారా చూడాలి.”

మర్నాడు పదకొండు మంది ఆడవాళ్లు చాపలమీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఇక తప్పక వెదురు నిలబెట్టి కత్తి ఆనించాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మా ఆవిడ! తీసుకెళ్లిన బుట్టలన్నీ అమ్ముడైపోయి పొద్దుటి రైలుకే దిగిపోయింది.

అలవాటు చొప్పున నా కుడికాలు బ్రేకు నొక్కింది. అక్కడున్నది నీళ్ల తొట్టి. అది బోర్లా పడింది, బద్ద ఎగిరి ఒకావిడ టోపీని తీసుకుపోయింది, రేడియో తడిసి దానంతటదే మోగింది. “మూడోవాడూ అవుట్!” అని అరిచింది, నన్ను చూసే అన్నట్టు.

మా ఆవిడ అరవలేదు. అందుకే భయమేసింది. నేలకి నుదురు ఆనించి దండం పెట్టింది.

“గురువుగారూ, శిష్యురాలు ఆలస్యంగా వచ్చింది, మన్నించండి.” తర్వాత వాళ్లవైపు తిరిగింది. “మా సంప్రదాయంలో అల్లిక శిష్యురాలిది. గురువుగారు స్వహస్తాలతో నేల తుడిచి, అందరికీ అన్నం వండి పెడతారు. ఇవాళ అది చూసే అదృష్టం మీది.”

పదిమంది ఫోన్లు పైకెత్తారు. నేను వంగాను.

“ఆ మూల మిగిలిపోయింది, గురువుగారూ.”

చియు టీచరమ్మ మాత్రం ఫోను తీయలేదు. మా ఆవిడ ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. టీలో ముంచని బుట్ట ఒకటి ఏరుకుని, అడుగున మా ఆవిడచేత పేరు రాయించుకుంది.

వెళ్తూ వెళ్తూ వంటింట్లోకి వచ్చింది. “మా అమ్మ యాభై ఏళ్లు వెదురు జల్లెడలు అల్లింది. వేళ్లు పగిలి చెట్టు బెరడులా ఉండేవి. మీవి అప్పుడే చేసిన టోఫులా మెత్తగా ఉన్నాయి. అల్లినవాళ్లెవరో చూద్దామనే మళ్లీ వచ్చాను.”

“మరి నే చెప్పిందంతా రాసుకున్నారుగా?”

“మా ఆయనకోసం. ఆయనా టూరిస్టుల ముందు ఇలాగే వేషం కట్టి టీ ఆకు అమ్ముతాడు. కొత్త మాటలు కావాలంటున్నాడు.”

ఆ సాయంత్రం మా ఆవిడ చాలాసేపు తన వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. “ఇన్నేళ్లలో వీటిని చూడ్డానికి వచ్చింది ఈవిడొక్కతే” అంది. నేను లేచి వెళ్లి మిగిలిన టీ బుట్టల్ని కడిగాను.

మర్నాడు కొట్టుకి బోర్డు వేలాడింది: ‘గురువుగారు నేల తుడుచు వేళ, ఉదయం పది గంటలు.’

జనం బాగానే వస్తున్నారు. బుట్టలు మా ఆవిడ పేరుమీదే పోతున్నాయి. కానీ అసలైనదే కావాలని పట్టుబట్టే మహానుభావులు కొందరుంటారు చూశారూ, వాళ్లు నా నేల తుడిచే గుడ్డ ధర అడుగుతున్నారు.