చిన్నకోడలు ఎక్కిన మెట్లు

ఒక పెద్ద అడవిలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఉన్న ఒక్క వాగూ ఎండిపోయింది. సింహరాజు సభ పెట్టి, దూరపు కొండ ఊట నీళ్లు మళ్లించి అందరికీ అందేలా ఒక నీళ్లతొట్టి కట్టమన్నాడు. పని ఒంటె ఇంజనీరు మెడరాజుకి అప్పజెప్పారు.

ఆయన మెడ సుఖంగా చాచి, మూతి ఎక్కడికి అందిందో అక్కడ గీత గీశాడు. తొట్టి అంత ఎత్తున కట్టించి, "అందరి తొట్టి" అని బోర్డు పెట్టించాడు. బోర్డు మాత్రం నేలకి ఆనించి పెట్టాడు, పాపం, చిన్నజీవులు చదువుకుంటాయని!

తాబేలు డిప్పమ్మ తెల్లారే బయల్దేరి మిట్టమధ్యాహ్నానికి అక్కడికి చేరింది. నోరు పిడచకట్టుకుపోతోంది. తలెత్తి చూస్తే గోడ. ఇంకాస్త ఎత్తితే ఇంకాస్త గోడ. మరీ ఎత్తేసరికి వెల్లకిలా పడింది. కుందేళ్లూ ఉడుములూ కలిసి తోస్తే గానీ లేవలేకపోయింది. వాటికీ నీళ్లు అందక అక్కడే కూర్చుని ఉన్నాయిలెండి.

"అయ్యా మెడరాజుగారూ, నీళ్లు అందట్లేదయ్యా!" అంది డిప్పమ్మ.

ఒంటె తుమ్మకొమ్మ నమలడం ఆపకుండానే కిందికి చూశాడు. "మెడ కాస్త చాచాలమ్మా."

"ఉన్నదంతా చాచాను నాయనా. దేవుడు ఇంతే ఇచ్చాడు."

"అదిగో! లోపం నీ మెడలో ఉంది, నా తొట్టిలో లేదు. కాస్త సర్దుకుపోవాలి మరి."

డిప్పమ్మకి ఒళ్లు మండింది. "వీడి మెడ విరగ!" అని లోపల్లోపల తిట్టుకుంటూ, నేరుగా సభ కార్యదర్శి నక్క దగ్గరికి పోయింది. నేరుగానే పోయింది గానీ, చేరేసరికి పొద్దు వాలింది.

నక్క తెగ బాధపడ్డాడు. బాధపడటంలో అతన్ని మించినవాడు ఆ అడవిలో లేడు. "అయ్యయ్యో! చిన్నవాళ్ల కష్టం చిన్నవాళ్లకే తెలుస్తుంది అవ్వా. రేపే కమిటీ వేస్తాం. అందులో అంతా చిన్నవాళ్లే!"

మర్నాడు కమిటీని చూసి డిప్పమ్మ నోరెళ్లబెట్టింది. మొదటి చోట్లో ఏనుగు గున్నమ్మ కూర్చుని ఉంది.

"ఈవిడ చిన్నదెలా అయిందయ్యా?"

"మా అత్తారింట్లో నేనే చిన్నకోడల్ని," అంది గున్నమ్మ సిగ్గుపడుతూ. "చిన్నదాన్నని ఎంత లోకువ చేస్తారో నీకేం తెలుసు అవ్వా!" అని కళ్లొత్తుకుంది.

రెండో సభ్యుడు అడవిదున్న. పేరు చిన్నయ్య. పేరులోనే ఉండగా ఇంకా రుజువెందుకు? మూడోవాడు మన మెడరాజే. "చిన్నప్పుడు నేనూ చిన్నగానే ఉండేవాణ్ణి," అన్నాడు.

"మరి నేనో?" అంది డిప్పమ్మ.

"భలేదానివే అవ్వా! నువ్వు రాజుగారి తాతని ఎరిగినదానివి. అందరికంటే పెద్దదానివి. చిన్నవాళ్ల కమిటీలో నీకేం పని?" అన్నాడు నక్క.

కమిటీ బాగా ఆలోచించి తొట్టికి మెట్లు కట్టమంది. కొలతకి గున్నమ్మ కాలెత్తి చూపించింది. మెట్లు కట్టినన్నాళ్లూ చిన్నజీవులు ఆకుల మీద మంచుచుక్కలు నాకి బతికాయి. కుందేలు పిల్లలు సొమ్మసిల్లి పడిపోతుంటే డిప్పమ్మకి ఏడుపొచ్చింది.

తీరా చూస్తే, ఒక్కో మెట్టూ ఆమెకి ఒక్కో గోడ. పక్కన ఇంకో బోర్డు: "మెట్లు ఎక్కలేనివారు పైన సంప్రదించగలరు."

ప్రారంభోత్సవం నాడు మొదటి గుక్క చిన్నజీవి తాగాలన్నాడు నక్క. లేకపోతే బాగుండదు కదా! ఏ చిన్నజీవీ పైకి ఎక్కలేకపోయింది. చివరికి గున్నమ్మే డిప్పమ్మని తొండంతో ఎత్తి తొట్టి అంచున కూర్చోబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కళ్లెదుట అన్ని నీళ్లు! డిప్పమ్మ ఆగలేక ముందుకి వంగింది. బుడుంగ్!

"అమ్మో, అవ్వ మునిగిపోయింది!" అని గున్నమ్మ గోల పెట్టింది. తాబేలుకి ఈతొచ్చని కమిటీలో ఒక్కరికీ తెలీదు. డిప్పమ్మ లోపల కడుపారా తాగి, హాయిగా జలకాలాడుతోంది. గున్నమ్మ గబగబా మెట్లెక్కి గోడ మీదికి ఒరిగింది. ఎంత చిన్నకోడలైతే మాత్రం ఏనుగు ఏనుగే కదా! తొట్టి ఢామ్మని కూలింది.

నీళ్లన్నీ పల్లంలోకి పారి పెద్ద మడుగు కట్టాయి. కుందేళ్లు తాగాయి, ఉడుములు తాగాయి, చీమలు ఒడ్డున బారులు తీరాయి. సింహరాజు కూడా వంగి తాగి, "బాగుందే!" అన్నాడు.

మెడరాజు ఒక్కడే గునిశాడు. "ఇంత కిందికి వంగితే నా మెడేం కాను? ఈ మడుగు పొడుగువాళ్లని చిన్నచూపు చూస్తోంది!"

నక్క మళ్లీ తెగ బాధపడ్డాడు. "పెద్దజీవుల కమిటీ వేస్తాం. అందులో అంతా పెద్దవాళ్లే!"

డిప్పమ్మ బురదలోంచి తల బయటపెట్టింది. "అయితే నేనే ఉండాలి. పెద్దదాన్నని ఆ రోజు నువ్వేగా అన్నావు?"

నక్క జరిగి చోటిచ్చాడు. డిప్పమ్మ పక్కన ఎలుకలింటి పెద్దకోడలు కూర్చుంది. ఆ పక్కన ఉడుము పెద్దయ్య చేరాడు. ముగ్గురూ బాగా ఆలోచించి ఒంటెని పిలిచారు.

"లోపం నీ మెడలో ఉంది నాయనా," అంది డిప్పమ్మ. "కాస్త సర్దుకుపోవాలి మరి."

ఇందులో నీతేమిటంటారా? అందరికీ అందేలా కట్టడం చేతకాకపోతే, కనీసం తొందరగా కూలిపోయేలా కట్టండి.