పిడుగురాళ్ల అరుగు మీది పై కోర్టు

దేశంలో అన్ని కోర్టులకూ పై కోర్టు ఢిల్లీలో ఉందని పుస్తకాల్లో రాస్తున్నారు. దయచేసి సవరించుకోగలరు. అది పిడుగురాళ్లలో, సున్నపు బట్టీల వెనక సందు మొదట్లో, మా అరుగు మీద ఉంది. స్థాపించింది నేనే.

స్థాపించానంటే, కరెంటు పోయింది. ఉక్క భరించలేక నేనూ, రిటైరైన ఫ్రాన్సిస్ మాస్టారూ, లారీ తోలడం మానేసిన అలీ సాహెబూ అరుగెక్కాం. కరెంటు వచ్చింది. మేం దిగలేదు. న్యాయస్థానం ఆ విధంగా అవతరించింది.

మా అధికారాలు అపారం. మా తీర్పు మీద అప్పీలు లేదు. దాన్ని తిరగదోడాలన్నా మేమే. ఎవరూ అడక్కుండానే కేసు చేపట్టగలం; దారినపోయేవాళ్ల చెప్పుల చప్పుడు మీద కూడా చేపట్టాం. కొత్త జడ్జీని పాత జడ్జీలే ఎంచాలి. ఎంత వెతికినా మాకు మేం తప్ప అర్హులు దొరకలేదు. ఎండాకాలం సెలవులు. వానాకాలం అరుగు తడుస్తుంది గనక సెలవులు.

అటువంటి కోర్టుకు బట్టీ కూలీ సైదాబీ వచ్చింది. అలీ సాహెబ్ పాడు లారీ సందుకు అడ్డంగా పడుంది, నీళ్ల ట్యాంకరు లోపలికి రాదు, మోకాళ్ల నొప్పులతో బిందెలు మోస్తన్నా, లారీ తీయించండి అని ఆమె ప్రార్థన.

తన లారీ కేసులో తాను కూర్చోవడం ధర్మం కాదని అలీ సాహెబ్ హుందాగా తప్పుకుని, అరుగు ఆ చివరికి జరిగాడు. అక్కడినుంచే వాయిదాలు అడిగాడు. ఇచ్చాం.

"ఇంకెన్నాళ్లు బాబాయ్?" అంది సైదాబీ నాతో.

"తొందరపడితే అది న్యాయం కాదమ్మా," అన్నారు మాస్టారు.

"ఆ ముక్కేదో నా మోకాళ్లకు మీరే చెప్పండి."

నాలుగో ఏట చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించాం: లారీ తీయవలెను. ఎవరు తీయవలెనో రాయలేదు. అంత చిన్న విషయాలు కింది కోర్టులు చూసుకుంటాయి.

మర్నాడే సైదాబీ టైర్లకు గాలి కొట్టించి, బట్టీ నుంచి పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. వాళ్లలో జీనత్ స్టీరింగు పట్టింది. "ఏంది అలీ మామూ అట్టా చూస్తన్నావ్, నువ్వూ ఒక చెయ్యెయ్యి," అంటే జడ్జీగారు కూడా తోశారు. పావుగంటలో లారీ బయటి ఖాళీ స్థలంలో ఉంది. సాయంత్రం ట్యాంకరు సైదాబీ గుమ్మం ముందు ఆగింది. ఇది మా కోర్టు ఘనవిజయమని మేం ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ తీర్పు. అసలది ఇవ్వనే లేదు. లారీ కదిలి ఏడాదైంది, కేసు నడుస్తోంది, సోమవారం వాయిదా. అరుగు మీద కోర్టంటే మీరు నవ్వారు. చెప్పుల కేసంటే అనుమానపడ్డారు. తీర్పొచ్చిందంటే మాత్రం మారుమాట లేకుండా నమ్మారు. చానా మంచివాళ్లు. మీలాంటివాళ్లు ఉన్నంతకాలం మా అరుగుకు ఢోకా లేదు.